గడియారం పక్కన మూల: మాయమయ్యే ఐకాన్ల చరిత్ర

విండోస్ కంప్యూటర్ తెర మీద అడుగున, కుడిచేతి మూలలో గడియారం ఉంటుంది. దాన్ని ఆనుకుని చిన్న చిన్న బొమ్మలు వరసగా కనిపించే చోటును అందరూ సిస్టమ్ ట్రే అంటారు. సౌండు తగ్గించి పెంచే స్పీకరు బొమ్మ, ఇంటర్నెట్ ఉందో లేదో చెప్పే బొమ్మ, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ, యాంటీవైరస్ గుర్తు, ఏ భాషలో టైపు అవుతోందో తెలిపే అక్షరాలు అక్కడే ఉంటాయి. మొదట్లో ఒక్కో బొమ్మ అడ్డంగా 16 చుక్కలు, నిలువుగా 16 చుక్కలు. బియ్యపుగింజ మీద పేరు రాసినంత పని. ఆ కాస్త చోటే మూడు దశాబ్దాలుగా కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకు చేతినిండా పని కల్పిస్తోంది. ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: నిన్నటిదాకా ఉన్న ఐకాన్ ఇవాళ లేదు. కారణం మాత్రం విండోస్ మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. మందు కూడా దాంతోపాటే మారింది.

ఈ మూల విండోస్ 95తో పుట్టింది. అది 1995 ఆగస్టు 24న విడుదలైంది. తయారీలో ఉన్నప్పుడు దాని రహస్యనామం షికాగో. తొలి నమూనాల్లో తెర అడుగున ఇప్పుడు తెలిసిన టాస్క్‌బార్ లేదు. మూడు బొత్తాలు, వాటి పక్కన ఫైళ్లు లాగి పడేసుకునే ఖాళీ పట్టీ ఉండేవి. ఆఫీసు బల్ల సొరుగులో వస్తువులు సర్దుకునే పళ్లెం లాంటిది కాబట్టి ఇంజినీర్లు దాన్ని ట్రే అన్నారు. మామూలు జనాన్ని కూర్చోబెట్టి పరీక్షించాక ఆ పట్టీ పోయింది, స్టార్ట్ బొత్తం వచ్చింది, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వరసగా కనిపించే టాస్క్‌బార్ వచ్చింది. లోపలి కోడులో మాత్రం పాత పేరు చెరగలేదు. ఇప్పటికీ టాస్క్‌బార్ కిటికీకి విండోస్ లోపల ఉన్న పేరు షెల్ ట్రే విండో. గడియారం పక్క భాగానిది ట్రే నోటిఫై విండో.

బయటి జనానికి ఆ పేరు చేరిన దారి వేరు. చాలాకాలం విండోస్ మీద పనిచేసిన మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ దాన్ని 2003లో రాసిపెట్టాడు. విండోస్ 95లో సిస్‌ట్రే అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. స్పీకరు, బ్యాటరీ, ల్యాప్‌టాప్ పక్కన దూర్చే పీసీఎంసీఐఏ కార్డు, ఈ మూడింటి బొమ్మలనూ చూపించడమే దాని పని. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కితే వచ్చే జాబితాలో ఎక్స్‌ప్లోరర్, సిస్‌ట్రే అని రెండు పేర్లు ఎప్పుడూ కనిపించేవి. ఎవరో కుతూహలం కొద్దీ సిస్‌ట్రేను ఆపేవారు, మూలలో స్పీకరు బొమ్మ పోయేది. దాంతో ఆ మూలంతా సిస్‌ట్రే చేతిలో ఉందని, దాని అసలు పేరు సిస్టమ్ ట్రే అని జనం తేల్చేశారు. నిజానికి ఆ మూలలో సిస్‌ట్రే కూడా ఒక అద్దెదారే. ఇంటి యజమాని టాస్క్‌బార్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాం. మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో నోటిఫికేషన్ ఏరియా అని రాస్తూ పోయింది, జనం సిస్టమ్ ట్రే అంటూ పోయారు. కంపెనీలోనే చాలామంది జనం మాటే వాడారు.

ఈ అద్దె సంగతి అర్థమైతే ఐకాన్లు ఎందుకు మాయమవుతాయో సగం అర్థమైనట్టే. ఏ ప్రోగ్రామూ ఆ మూలలో తన బొమ్మను తాను గీసుకోదు. షెల్ నోటిఫై ఐకాన్ అనే పిలుపు ద్వారా ఎక్స్‌ప్లోరర్‌కు దరఖాస్తు పెడుతుంది: ఇదిగో నా బొమ్మ, దీని మీద మౌసు ఆగితే చూపించాల్సిన మాట ఇది, ఎవరైనా నొక్కితే ఈ కిటికీకి కబురు పంపు. ఎక్స్‌ప్లోరర్ ఆ వివరాలు రాసుకుని బొమ్మ గీస్తుంది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు తన బొమ్మ తీసేయమని మరో కబురు పెట్టాలి. చేర్చు, మార్చు, తీసెయ్, మొదట్లో ఈ మూడే ఆజ్ఞలు.

తీసెయ్ అని చెప్పకుండానే ప్రోగ్రాం కుప్పకూలితే? బొమ్మ అలాగే ఉండిపోతుంది, లోపల మనిషి ఉండడు. ఆ దయ్యపు బొమ్మలను విండోస్ 95 కాలం నుంచి చూడని మనిషి లేడు. మౌసు బాణాన్ని వాటి మీదుగా మెల్లగా ఈడిస్తే ఒక్కొక్కటే టపటపా రాలిపోతాయి. బాణం తగలగానే ఎక్స్‌ప్లోరర్ ఆ బొమ్మ తాలూకు కిటికీకి కబురు పంపబోతుంది, అక్కడ కిటికీ లేదని అప్పుడు గమనించి బొమ్మ తీసేస్తుంది. మాటిమాటికీ కూలిపోయే ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌లో ఒకే బొమ్మ ఐదారు నకళ్లుగా నిలబడి ఉండటం, బాణం పోనిస్తే ఒక్కటే మిగలడం తరచూ కనిపించే దృశ్యం.

తలకిందులైన కథ ఇంకా ఎక్కువ బాధ పెట్టేది. ప్రోగ్రాములు బాగానే ఉంటాయి, యజమాని ఎక్స్‌ప్లోరర్ కూలిపోతుంది. అది వెంటనే తనంతట తాను మళ్లీ లేస్తుంది. టాస్క్‌బార్ వస్తుంది, గడియారం వస్తుంది, పక్కన చోటు ఖాళీ. అద్దెదార్ల చిట్టా అంతా పాత ఎక్స్‌ప్లోరర్‌తోనే పోయింది. యాంటీవైరస్ లోపల పనిచేస్తూనే ఉంటుంది, మోడెం లైను కలిసే ఉంటుంది, చూపడానికి బొమ్మ ఉండదు. కొన్ని ప్రోగ్రాములకు ఆ బొమ్మ తప్ప వేరే వాకిలే లేదు. ఆపాలన్నా తెరవాలన్నా దారి దొరకదు. విండోస్ 95 వచ్చిన రెండేళ్లకు, 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 బ్రౌజరుతో పాటు వచ్చిన డెస్క్‌టాప్ మార్పులు దీనికో ఉపాయం తెచ్చాయి. ఎక్స్‌ప్లోరర్ కొత్తగా లేచి టాస్క్‌బార్ కట్టుకున్న ప్రతిసారీ టాస్క్‌బార్ క్రియేటెడ్ అనే దండోరా వేస్తుంది. అది విన్న ప్రోగ్రాం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. వినే కోడు రాయడం ప్రోగ్రాం రాసేవాడి బాధ్యత. రాసినవాళ్ల బొమ్మలు తిరిగి వచ్చాయి, రాయనివాళ్లవి పోయినవి పోయినట్టే. ఒకే కంప్యూటర్‌లో సగం బొమ్మలు వచ్చి సగం రాకపోవడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో రీస్టార్ట్ చెయ్యండి అనే సలహా అంత గట్టిగా పనిచేయడానికీ ఇదే కారణం. కంప్యూటర్ కొత్తగా లేస్తే అందరూ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకుంటారు మరి.

గడియారం గురించి ఒక మాట. తయారీ దశలో అది సెకన్లు కూడా చూపించేది. విండోస్ 95 కేవలం 4 మెగాబైట్ల మెమరీ ఉన్న యంత్రాల మీద కూడా నడవాలి. ప్రతి సెకనుకూ అంకె మార్చి గీయాలంటే ఆ గీసే కోడంతా మెమరీలో మేలుకుని ఉండాలి. వేగాన్ని కొలిచే పరీక్షల్లో ఆ ఒక్క అంకె వల్లే మార్కులు తగ్గాయని సెకన్లు తీసేశారు. ఐకాన్ల చోటును అంత పొదుపుగా, మరుపు ఎక్కువున్న చిట్టాగా ఎందుకు కట్టారో ఆ మెమరీ లెక్క చూస్తే ఊహించుకోవచ్చు.

భారతదేశంలో వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న మొదలైంది. విండోస్ 95 విడుదలకు తొమ్మిది రోజుల ముందు. నాలుగేళ్లు తిరిగేసరికి తెలుగు ఊళ్లలోకి నెట్ సెంటర్లు వచ్చాయి, వాటిలో విండోస్ 98 నడిచింది. డయల్-అప్ లైను కలవగానే మూలలో రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మ ప్రత్యక్షమయ్యేది. సమాచారం కదులుతుంటే వాటి తెరలు మినుకుమినుకుమనేవి. మౌసు ఆనిస్తే ఎంత వేగంతో కలిసిందో చెప్పేది. ఫోను బిల్లు నిమిషాల లెక్కన పడే రోజుల్లో ఆ బొమ్మ కనిపించకపోతే లైను తెగిందో తెగలేదో తెలియదు, మీటరు మాత్రం తిరుగుతూ ఉంటుంది.

విండోస్ 98తో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే పనిముట్టు వచ్చింది. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ ప్రోగ్రాములు లేవాలో అందులో జాబితాగా ఉంటుంది, అక్కర్లేనిదాని ముందు టిక్కు తీసేస్తే సరి. సిస్టమ్ నెమ్మదించిందని వచ్చిన ప్రతివాడికీ రిపేరు కుర్రాళ్లు చేసే మొదటి వైద్యం అదే. ఆ జాబితాలో సిస్టమ్ ట్రే అని ఒక వరస ఉండేది. ఇదేదో అనవసరపు బరువు అనుకుని దాని టిక్కు తీసేస్తే మర్నాడు స్పీకరు బొమ్మ ఉండేది కాదు. పాటలు వినిపిస్తూనే ఉంటాయి, తగ్గించే పిడి ఉండదు. విండోస్ 2000 నుంచి ఆ పనిని ఎక్స్‌ప్లోరర్ లోపల లోడయ్యే ఎస్‌టీఆబ్జెక్ట్ అనే ఫైలు చూసుకోవడం మొదలైంది. సిస్‌ట్రే పేరు మిగిలింది, పని పోయింది.

అసలు తలనొప్పి 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పెరిగింది. అప్పటికి ఆ మూల కిక్కిరిసింది. ప్రింటరు కొంటే ఒక బొమ్మ, పాటల ప్రోగ్రాం వేస్తే ఒక బొమ్మ, చాటింగుకు మరొకటి. కొన్నిటికి చెప్పడానికి ఏ కబురూ లేదు, తమ కంపెనీ గుర్తు అక్కడ వెలుగుతూ ఉంటే చాలు. ఆ రద్దీ తగ్గించడానికి ఎక్స్‌పీ కొన్నాళ్లుగా ముట్టుకోని బొమ్మలను దాచేయడం మొదలుపెట్టింది. ఎడమ అంచున చిన్న బాణం నొక్కితే దాచినవన్నీ బయటికి జరుగుతాయి, కాసేపటికి మళ్లీ లోపలికి పోతాయి. ఏ బొమ్మను ఎప్పుడూ చూపాలి, దేన్ని ఎప్పుడూ దాచాలి అని విడివిడిగా చెప్పుకునే పట్టికా ఇచ్చింది. ఏర్పాటు మంచిదే. కానీ మాయమైన ఐకాన్ అనే మాటకు ఇక్కడి నుంచి రెండు అర్థాలు వచ్చాయి: లేకపోవడం ఒకటి, ఉండి కనిపించకపోవడం మరొకటి. రిపేరుకు వచ్చిన మనిషి ముందు ఆ బాణం నొక్కి చూడాలి. చూడకుండా ఫార్మాట్ కొట్టిన కంప్యూటర్లకు లెక్క లేదు.

దాచడం అంటే గుర్తుపెట్టుకోవడం కూడా. ఏ బొమ్మ ఏ ప్రోగ్రాంది, దాని మీద కంప్యూటర్ వాడేవాడి ఇష్టం ఏమిటి, ఆఖరిసారి ఎప్పుడు కనిపించింది అన్న చిట్టాను ఎక్స్‌పీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాయడం మొదలుపెట్టింది. ఆ పద్దులు రెండు: ఐకాన్‌స్ట్రీమ్స్, పాస్ట్‌ఐకాన్స్‌స్ట్రీమ్. మొదటిది ఇప్పుడున్నవాళ్ల చిట్టా, రెండోది ఒకప్పుడు ఉండి వెళ్లిపోయినవాళ్ల చిట్టా. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లు కూడా ఆ పట్టికలో పాత ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లలాగా కనిపించేది ఇందుకే. తెరిచి చదువుదామంటే అర్థంకాని అక్షరాలు. ప్రోగ్రాముల పేర్లను రాట్-13 అనే పద్ధతిలో మార్చి రాసేవారు: ఇంగ్లీషు అక్షరమాలలో ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి ఏ బదులు ఎన్, బీ బదులు ఓ అని రాయడం. చిన్నపిల్లలు దొంగభాష ఆడుకున్నట్టు ఉంటుంది. రహస్యం దాచడానికి అది పనికిరాదు, ఊరికే కెలికేవాళ్లను కాస్త వెనక్కి తగ్గించడానికి పనికొస్తుంది.

ఈ రెండు పద్దులూ చెడిపోయినప్పుడు బొమ్మలు ఇష్టమొచ్చినట్టు ప్రవర్తించేవి. ఎప్పుడూ చూపించు అన్నది దాగిపోయేది, స్పీకరు బొమ్మ ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోయేది. ఈ జబ్బుకు ప్రపంచమంతా ఒకే మందు పాకింది. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి ట్రేనోటిఫై అనే చోట ఆ రెండు పద్దులనూ చెరిపేయాలి. చెరిపి ఊరుకుంటే చాలదు. ఎక్స్‌ప్లోరర్ తన దగ్గరున్న చిట్టాను మెమరీలో పెట్టుకుంటుంది, మూతపడేటప్పుడు దాన్నే మళ్లీ రిజిస్ట్రీలో రాసేస్తుంది. కాబట్టి టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ను నిలువునా ఆపేయాలి. తెర అంతా బోసిపోతుంది. చూసేవాడి గుండె ఆగినంత పనవుతుంది. టాస్క్ మేనేజర్‌లోనే కొత్త పని అనే చోట ఎక్స్‌ప్లోరర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే టాస్క్‌బార్ మళ్లీ లేస్తుంది, కొత్త చిట్టా మొదలవుతుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో పనిచేసే చేతులకు ఇది రెండు నిమిషాల పని. ఆ మందు తెలియని చేతికి ఒక పూట పట్టే ఫార్మాట్, పోయిన ఫోటోలు, మళ్లీ వేయాల్సిన డ్రైవర్లు. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టు.

ఎక్స్‌పీలో ఇంకో జబ్బు ఉండేది. అది నిజంగా చిక్కు జబ్బు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కొన్ని బొమ్మలు వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు, రేపు ఏవి రావో చెప్పలేం. పద్దులు చెరిపినా ఫలితం ఉండదు. మూలం దరఖాస్తు పద్ధతిలోనే ఉంది. కంప్యూటర్ లేస్తున్నప్పుడు ఎక్స్‌ప్లోరర్‌కు ఊపిరాడదు. ఆ హడావిడిలో ఒక ప్రోగ్రాం నా బొమ్మ చేర్చు అని అడిగితే, ఆ పిలుపు జవాబు కోసం కొన్ని సెకన్లే ఆగుతుంది. ఆలోగా ఎక్స్‌ప్లోరర్ పలకకపోతే పిలుపు విఫలమైందని తిరిగి వస్తుంది. శ్రద్ధగా రాసిన ప్రోగ్రాం కాసేపాగి మళ్లీ అడుగుతుంది. చాలా ప్రోగ్రాములు ఫలితం ఏమైందో చూడనుకూడా చూడవు. అడిగాం కదా, పని అయిపోయింది అనుకుంటాయి. బ్యాంకు కౌంటరు దగ్గర చలానా పడేసి ముద్ర పడిందో లేదో చూడకుండా వచ్చేసినట్టు.

ఎక్స్‌ప్లోరర్‌ను అంతసేపు ఆపేది ఏమిటన్నది వెతికితే చాలా ఇళ్లలో ఒక వింత దోషి దొరికింది. నెట్‌వర్క్‌లో ఉన్న రౌటర్లను, ఇతర పరికరాలను వాటంతటవే కనిపెట్టే యూనివర్సల్ ప్లగ్ అండ్ ప్లే ఏర్పాటు అది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ కాంపొనెంట్స్ తెరిచి, నెట్‌వర్కింగ్ సర్వీసెస్ కింద దాని టిక్కు తీసేస్తే బొమ్మలు బుద్ధిగా వచ్చేవి. స్పీకరు బొమ్మ రాకపోవడానికి, ఇంట్లోకి కొత్తగా వచ్చిన రౌటరుకు సంబంధం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? ఆ చిట్కా చేతులు మారి మారి పాకింది. దాన్ని వాడినవాళ్లలో ఎక్కువమందికి అది ఎందుకు పనిచేసిందో తెలియదు.

స్పీకరు బొమ్మ రాకపోవడానికి మామూలు కారణాలు కూడా ఉండేవి. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్స్ అండ్ ఆడియో డివైసెస్ తెరిస్తే బొమ్మను టాస్క్‌బార్‌లో పెట్టు అనే టిక్కు ఉంటుంది. అది ఉన్నా బొమ్మ రాకపోతే ఒకసారి తీసి, అప్లై నొక్కి, మళ్లీ పెట్టేవారు. కొన్ని కంప్యూటర్లలో వాల్యూమ్ కంట్రోల్ ప్రోగ్రామే లేదనే హెచ్చరిక వచ్చేది. ఎస్ఎన్‌డీవాల్32 అనే ఫైలు పోయిందని దాని అర్థం. ఎక్స్‌పీ సీడీలో ఐ386 అనే ఫోల్డరులో అది కుదించిన రూపంలో ఉంటుంది, విప్పి సిస్టమ్32లో పెట్టాలి. అసలు సౌండ్ డ్రైవరే లేకపోతే ఆ టిక్కు పెట్టడం కుదరదు. పెన్‌డ్రైవ్‌ను భద్రంగా తీసే బొమ్మ పోతే రన్ పెట్టెలో హాట్‌ప్లగ్ అనే ఫైలును పిలిచే పొడుగాటి ఆజ్ఞ కొట్టేవారు. దాన్ని కాగితం మీద రాసుకుని మానిటరు అంచున అంటించుకున్న ఆఫీసులు ఉన్నాయి.

తెలుగు రాసేవాళ్లకు మాత్రం స్పీకరు కంటే ముఖ్యమైన బొమ్మ వేరే ఉంది. విండోస్‌లో తెలుగు అక్షరాలను సరిగ్గా కూర్చి చూపే ఏర్పాటు, గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చాయి. రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో క్లిష్టలిపుల టిక్కు పెట్టాలి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాలి, రీస్టార్ట్ చేయాలి, తెలుగు కీబోర్డు చేర్చుకోవాలి. అప్పుడు మూలలో ఈఎన్ అనే రెండక్షరాల నీలి పెట్టె వస్తుంది. ఎడమ ఆల్ట్‌తో షిఫ్ట్ నొక్కితే అది టీఈ అవుతుంది, ఇక కొట్టేదంతా తెలుగే. ఆ పెట్టె లేకపోతే తాను ఏ భాషలో కొడుతున్నాడో టైపు చేసేవాడికి తెలియదు. ఒక వాక్యం మొత్తం కొట్టి తలెత్తి చూస్తే తెర మీద అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు.

ఆ పెట్టె వెనక ఉండేది సీటీఎఫ్‌మాన్ అనే ప్రోగ్రాం. ఆఫీస్ ఎక్స్‌పీతోనూ వచ్చేది. ఎంఎస్‌కాన్ఫిగ్ వైద్యానికి అదే తొలి బలి. పేరు చూస్తే వైరస్ పేరులా ఉంటుంది, ఏం చేస్తుందో జాబితాలో రాసి ఉండదు. టిక్కు తీసేస్తే కంప్యూటర్ ఏమంత వేగం పెరిగేది కాదు, భాష పెట్టె మాత్రం పోయేది. తిరిగి రప్పించాలంటే మూడు చోట్లు చూడాలి: సీటీఎఫ్‌మాన్ నడుస్తోందా, లాంగ్వేజ్ బార్‌ను చూపించమని టిక్కు ఉందా, అడ్వాన్స్‌డ్ ట్యాబులో టెక్స్ట్ సర్వీసులను పూర్తిగా ఆపేసే టిక్కును ఎవరైనా పెట్టారా. ఇంకో చిక్కు ఏమిటంటే కీబోర్డు ఒక్కటే ఉంటే పెట్టె రాదు, ఎంచుకోవడానికి రెండోది లేదు కాబట్టి చూపేందుకేమీ లేదు. తెలుగు కీబోర్డు తెలియక తీసేసినవాళ్లు పెట్టె పోయిందని వాపోయేవారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే బరహ డైరెక్ట్ లాంటి పనిముట్లు కూడా ఆ మూలనే నమ్ముకున్నాయి. వాటికి బొమ్మే వాకిలి.

2007లో వచ్చిన విస్టా భద్రత కోసం గోడలు కట్టింది. వాటి దెబ్బ ఈ మూలకు తగిలింది. తెర వెనక నడిచే సర్వీసులను అది వేరే గదిలోకి మార్చింది. అంతకుముందు నేరుగా బొమ్మ పెట్టుకున్న సర్వీసులకు ఆ దారి మూసుకుపోయింది, పాత ప్రోగ్రాముల బొమ్మలు కొన్ని విస్టాలో అందుకే రాలేదు. రెండో గోడ ఇంకా సూక్ష్మమైనది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాంకు తక్కువ హోదా ప్రోగ్రాముల కబుర్లు చేరవు. ఎక్స్‌ప్లోరర్ మామూలు హోదాలో నడుస్తుంది. అది కూలి లేచి టాస్క్‌బార్ క్రియేటెడ్ అని దండోరా వేస్తే పెద్ద హోదా ప్రోగ్రాం చెవిన పడదు, ఆ కబురును లోపలికి రానివ్వమని ముందే ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప. పదేళ్ల కిందట తీరిన సమస్య కొత్త వేషంలో తిరిగొచ్చింది.

విస్టాలోనూ 2009 నాటి విండోస్ 7లోనూ స్పీకరు, నెట్‌వర్క్, బ్యాటరీ బొమ్మలు విండోస్ సొంతవని వేరే జాబితాలో చేర్చారు. కొన్నిసార్లు ఆ జాబితాలో వాటి స్విచ్చులు బూడిదరంగుకు తిరిగి నొక్కుడు పడేవి కావు. రీస్టార్ట్ చేస్తే వచ్చేవి, మళ్లీ పోయేవి. మైక్రోసాఫ్ట్ స్వయంగా ప్రచురించిన పరిహారం కూడా పాత ఐకాన్‌స్ట్రీమ్స్ మందే. నాటువైద్యం ఆస్పత్రి చీటీ మీదికెక్కింది. ఇల్లు మాత్రం మారింది, ఆ పద్దులను రిజిస్ట్రీలో వేరే చోటికి తరలించారు. ఎక్స్‌పీ చోట వెతికి దొరక్క తిప్పలు పడ్డవాళ్లు చాలామంది.

విండోస్ 7లో కొత్తగా వచ్చే ప్రతి బొమ్మా మొదట దాచిన పెట్టెలోకే పోతుంది. చిన్న బాణం నొక్కితే ఆ పెట్టె పైకి తెరుచుకుంటుంది, కావలసిన బొమ్మను మౌసుతో పట్టి టాస్క్‌బార్ మీదికి లాక్కోవాలి. ఎక్స్‌పీలో ప్రోగ్రాం వచ్చి కూర్చునేది, వద్దనుకుంటే మనిషి దాచేవాడు. ఇప్పుడు వరస తిరగబడింది. ఇది సరైన నిర్ణయమే. ఆ చోటు ప్రోగ్రాముల ప్రకటనల గోడ కాకుండా కాపాడింది. కానీ గుర్తుపెట్టుకోవడం ప్రోగ్రాం ఫైలు ఉన్న చోటును బట్టి జరిగేది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త అంకెతో కొత్త ఫోల్డరులో చేరే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. విండోస్ దృష్టిలో అవి ప్రతిసారీ కొత్త మనుషులే. నిన్న బయటికి లాగిపెట్టిన బొమ్మ అప్‌డేట్ తర్వాత తిరిగి పెట్టెలో తేలడానికి కారణం అది.

ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో మాయమైతే మరోవైపు చూడాలి. మూల మొత్తాన్ని దాచే విధానం, నిర్వాహకులు కంప్యూటర్లకు నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో ఉంది. గడియారం, స్పీకరు, నెట్‌వర్క్, బ్యాటరీలను విడివిడిగా దాచేవీ ఉన్నాయి. నిర్వాహకుడు కావాలని పెట్టినవైతే ఎంత మందు వేసినా పనిచేయదు, అడగాల్సింది ఆయన్నే. కొన్ని వైరస్‌లూ ఇదే తలుపు వాడుకున్నాయి. ఎక్స్‌పీ చివరి రోజుల్లో వచ్చిన దొంగ యాంటీవైరస్‌లు అసలు హెచ్చరిక బొమ్మలను పోలిన బొమ్మ పెట్టి, మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది అనే బుడగ ఎగరేసి డబ్బు గుంజేవి. ఆ మూలకు జనం ఇచ్చిన విశ్వాసమే వాటి పెట్టుబడి.

ఇతర కంప్యూటర్లలో ఈ కథ వేరు మలుపులు తిరిగింది. లినక్స్‌లో రకరకాల డెస్క్‌టాపులు ఒకే పద్ధతి పాటించేలా 2000ల తొలినాళ్లలో ఒక ఒడంబడిక రాసుకున్నారు, దాని పేరులోనే సిస్టమ్ ట్రే ఉంది. ఆ డెస్క్‌టాపుల్లో ఒకటైన గ్నోమ్ బృందం మాత్రం ఆ మూల అక్కర్లేదని తేల్చి 2017 సెప్టెంబరులో 3.26 కూర్పుతో దాన్ని ఎత్తేసింది. వాడేవాళ్లు ఎక్స్‌టెన్షన్లు వేసుకుని తిరిగి తెచ్చుకున్నారు. ఆపిల్ 2021 అక్టోబరులో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రోల తెర పైఅంచున కెమెరా కోసం నల్లటి గాటు ఉంది. మెనూబార్‌లో బొమ్మలు ఎక్కువైతే అవి వరసగా ఆ గాటు వెనక్కి పోతాయి. చెడిపోయిందేమీ లేదు, పద్దు సరిగానే ఉంది, బొమ్మ మాత్రం కనపడదు.

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11లో టాస్క్‌బార్‌ను చాలావరకు కొత్తగా రాశారు. స్పీకరు, నెట్‌వర్క్, బ్యాటరీ మూడూ కలిసి ఒకే బొత్తంగా మారాయి. అన్ని బొమ్మలనూ ఎప్పుడూ చూపించు అనే పాత టిక్కును సెట్టింగుల నుంచి తీసేశారు, ఒక్కో ప్రోగ్రాంకు విడిగా స్విచ్చు వేయాలి. విడుదలకు నెల ముందు, సెప్టెంబరు తొలివారంలో పరీక్షదశ కూర్పులు వాడుతున్నవాళ్ల కంప్యూటర్లలో స్టార్ట్ బొత్తం, టాస్క్‌బార్ మొత్తం ఒకేసారి పడిపోయాయి. వాళ్లేమీ కొత్తగా వేసుకోలేదు. మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి దిగిన చిన్న వర్తమానం ఒకటి ఎక్స్‌ప్లోరర్‌ను తన్నేసింది. ఆ కంపెనీదే అయిన టీమ్స్ ప్రోగ్రాం గురించిన ప్రచారం అందులో ఉందని దాన్ని విప్పి చూసినవాళ్లు కనిపెట్టారు. విరుగుడు ఐరిస్‌సర్వీస్ అనే రిజిస్ట్రీ పద్దును చెరిపి రీస్టార్ట్ చేయడం. దానితో మాయమైన ఐకాన్ల కారణాల జాబితాలోకి ప్రకటన కూడా చేరింది.

ఇప్పటి కంప్యూటర్‌లో ఐకాన్ కనిపించకపోతే చూడాల్సిన వరస చరిత్ర నడిచిన వరసను తిరగేసినట్టే ఉంటుంది. ముందు చిన్న బాణం నొక్కి దాచిన పెట్టె చూడాలి. అక్కడ ఉంటే బయటికి లాగాలి, లేకపోతే సెట్టింగుల్లో టాస్క్‌బార్ పేజీ తెరిచి దాని స్విచ్చు చూడాలి. ప్రోగ్రాం అసలు నడుస్తోందో లేదో టాస్క్ మేనేజర్‌లో చూసి, నడుస్తుంటే అక్కడే విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రీస్టార్ట్ నొక్కాలి. ఆ ఒక్క బొమ్మే రాకపోతే ఆ ప్రోగ్రాంను మూసి మళ్లీ తెరవాలి. స్పీకరో నెట్‌వర్కో అయితే డివైస్ మేనేజర్‌లో డ్రైవరు ఉందో లేదో చూడాలి. ఆఫీసు కంప్యూటర్ అయితే పాలసీ సంగతి అడగాలి. రిజిస్ట్రీ ఆఖరున, నకలు తీసిపెట్టుకున్నాకే. ఫార్మాట్ ఈ జాబితాలోనే లేదు.

పేరు సంగతి కూడా తేలింది. విండోస్ 11 తొలి కూర్పు సెట్టింగుల్లో ఈ చోటును టాస్క్‌బార్ కార్నర్ అని పిలిచారు. 2022 సెప్టెంబరు 20న వచ్చిన 22హెచ్2 కూర్పులో ఆ శీర్షికలు మారాయి. ఇరవై ఏడేళ్లుగా జనం తప్పుగా పిలుస్తున్నారని కంపెనీ చెబుతూ వచ్చిన పేరే ఇప్పుడు ఆ పేజీలో అచ్చయి ఉంది: సిస్టమ్ ట్రే ఐకాన్స్.